ముంపు ఊళ్ళు, విడిభాగముల ఇండ్లు

శ్రీశైలము వద్ద కృష్ణకు అడ్డముగా ఆనకట్ట లేచి, జలాశయము 885 అడుగుల మట్టమునకు నిండుటకు సిద్ధమగుచున్న దినములలో, కర్నూలు, మహబూబునగరము జిల్లాల నదీతీరములయందు రెండు విధములైన ఇండ్లను చోటు మార్పవలసిన అగత్యము కలిగెను. మొదటివి దేవతల ఇండ్లు. రెండవవి మనుష్యుల ఇండ్లు. బాదామి చాళుక్యుల నాటి కూడవెల్లి సంగమేశ్వరాలయమును పురావస్తు శాఖవారు రాయి వెంబడి రాయిగా విప్పి, ప్రతి రాతికిని గుర్తు వేసి, ఏ రాయి ఏ వరుసలో ఏ మూల నుండెనో పటములలో వ్రాసికొని, అలంపురమునకు తరలించి, అచ్చట మరల అదే పొందికలో నిలిపిరి. పాపనాశనము గుళ్ళ సముదాయమును అట్లే ఎత్తు భూమికి చేర్చిరి. రూపాల సంగమేశ్వరుని గుడి కర్నూలు చెంత జగన్నాథగట్టునకు వచ్చెను. నాగార్జునసాగరము కట్టునాడు లోయలోని బౌద్ధ కట్టడములను నాగార్జునకొండ మీదికిని, అనుపు గట్టునకును చేర్చిన అనుభవము మన శాస్త్రజ్ఞులకు అప్పటికే కలదు గనుక, ఈ పని ఓర్పుతో, శ్రద్ధతో, లెక్క తప్పక జరిగెను. నేడు అలంపురమునకు పోయి ఆ గుడి ముంగిట నిలిచినవానికి, అది వేరొక చోట వెలసి ఇక్కడికి చేరిన కట్టడమని ఎవరైనను చెప్పిననే గాని తెలియదు.

మనుష్యుల ఇండ్ల సంగతి వేరు విధముగా నడచెను. సుమారు నూరు గ్రామములు, లక్షకు మించిన జనము ఆ ముంపునకు లోనైరి. పరిహారమును రొక్కముగా లెక్కగట్టి చేతికిచ్చిరి. ఊరికి ఊరు ఎచ్చట నిలువవలెను, ఇల్లు ఏ సామగ్రితో ఎన్నినాళ్ళలో లేవవలెను అను ప్రశ్నలకు మాత్రము నిండైన సమాధానము దొరకలేదు. 1981 జూన్ మాసమున, వానలు పడి నది పొంగకముందే ఊళ్ళు ఖాళీ చేయింపవలెనను తొందరలో, 'ఆపరేషన్ డిమాలిషన్' అను పేరిట ఇండ్లను కూలద్రోయు కార్యక్రమము సాగెను. గుడి గోడలోని ప్రతి రాతికిని సంఖ్య వేసిన ప్రభుత్వమే జనుల ఇంటి గోడలను నేలమట్టము చేయించెను. గుళ్ళను కాపాడినవారిని నేను తప్పుపట్టను. వారు చేసినది మహత్కార్యము. ఒక కట్టడమును భాగములుగా విప్పి, మోసికొనిపోయి, మరల నిలుపు విద్య మనకు చేతనై యుండియు, ఆ విద్యలో పదవవంతైనను మనుష్యుల నివాసములకు వినియోగింపక పోతిమి గదా అను బాధ మాత్రము నన్ను విడువదు. ఈ వ్యాసమునకు ఆ బాధయే మూలము.

ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, నంద్యాలలతో కూడిన ఈ నల్లరేగడి సీమ మన రేనాడు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల ప్రత్యేక జిల్లా యైన పిమ్మట, శ్రీశైల క్షేత్రమును, జలాశయపు నీరు తగ్గిన వేసవి దినములలో మాత్రమే బయటపడు సంగమేశ్వరమును ఈ జిల్లా సరిహద్దులలోనికే వచ్చినవి. ఇది గాక ఈ సీమకు స్వంత ముంపు ఒకటి కలదు. నంద్యాల, కోవెలకుంట్ల ప్రాంతముల మీదుగా పారి, కడప జిల్లాలో కమలాపురము చెంత పెన్నలో కలియు కుందు, ఏడాదిలో చాల భాగము నెమ్మదిగా కదలుచుండును గాని, ఎగువన వాన విరుచుకొనిపడిన నాడు గట్లు ఎరుగదు. 2019 సెప్టెంబరులో కురిసిన కుంభవృష్టికి మహానంది ఆలయ ప్రాంగణము జలమయమై, కుందు పొంగి, తీరపు పల్లెలు నీటిలో చిక్కుకొనెను. అంతకు పదేండ్ల ముందు, 2009 అక్టోబరులో, తుంగభద్రయు కృష్ణయు ఒక్కమారుగా ఉప్పొంగి కర్నూలు నగరమును, మంత్రాలయమును ముంచినప్పుడు, బడులలోను కల్యాణమండపములలోను తలదాచుకొన్న కుటుంబములు నీరు తీసిన పిదప ఏ గోడ నానుకొని నిలువవలెనో తెలియక తల్లడిల్లినవి. యుద్ధమువలన సరిహద్దు దాటివచ్చిన శరణార్థికిని, వరదవలన వీథి దాటివచ్చిన రైతుకూలికిని మొదటి రాత్రి కావలసినది ఒక్కటే గదా.

అట్టి వానికి వెంటనే కప్పు నిలుపు ఉపాయములలో నేటి ప్రపంచము ఎక్కువగా మాటలాడుచున్నది విడిభాగముల ఇంటిని గూర్చి. దీని సూత్రము సులభము. ఇంటిని ఇటుక మీద ఇటుకగా స్థలమునందే కట్టుటకు మారుగా, గోడలు, కప్పు, తలుపులు, కిటికీలు కర్మాగారమున ఒకే కొలతలో ముందే తయారై వచ్చును. స్థలములో వానిని బోల్టులతో బిగించుటయే మిగులును. భాగములన్నియు ఒక్క కొలతకు లోబడినవి గనుక ఒక ఇంటి గోడపలక మరియొక ఇంటికి అమరును. ఒక గది చాలనిచో అదే వరుసలో రెండవ గదిని చేర్చవచ్చును. అక్కర తీరినచో విప్పి వేరొక చోట నిలుపవచ్చును.

ఇందు మూడు మార్గములు కలవు. పలకలను దొంతరలుగా పేర్చి పెట్టెలలో పంపుట ఒకటి. ఒక్క లారీ మీద అనేక కుటుంబముల ఇండ్లు పట్టును గనుక దూరప్రాంతములకు ఇది అనుకూలము. గదిని గదిగా పూర్తిచేసి, దీపములు, నీటి గొట్టములు సహా అమర్చి, లారీ మీద తెచ్చి క్రేనుతో దింపుట రెండవది. ఇది మిక్కిలి త్వరితమైనదే గాని, దీనిలో గది వెడల్పును నిర్ణయించునది కాపురముండు కుటుంబము కాదు, రోడ్డు. ఓడలకెక్కు కంటైనరు పెట్టె వెడల్పు ఎనిమిది అడుగులు గనుక, ఆ పెట్టెయే గదియైనప్పుడు గదియు ఎనిమిది అడుగులే. మంచము వేసిన పిదప మనిషి నడచుటకు చోటు ఇరుకే. మూడవది, ఇంటి చట్రమును మాత్రము కర్మాగారమున చేయించి, గోడలను ఆయా ఊళ్ళలో దొరకు మట్టి, రాయి, వెదురులతో నింపుకొనుట. పత్రికలలో బొమ్మలు పడునవి మొదటి రెండును. నా దృష్టి నిలిచినది మూడవదాని మీద. కారణము ముందు చెప్పెదను.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1906లో భూకంపమువలనను, దాని వెంట లేచిన అగ్నివలనను శాన్‌ఫ్రాన్సిస్కో నగరము నాశమైనప్పుడు, అచ్చటి వడ్రంగులు ఉద్యానవనములలో ఐదువేలకు పైగా చిన్న కొయ్య ఇండ్లను ఒకే నమూనాలో నిలిపిరి. నెలకు రెండు డాలర్ల చొప్పున చెల్లించినవారికి ఆ ఇల్లు స్వంతమగు ఏర్పాటు ఉండెను. శిబిరములు మూయునాడు జనులు వానిని కూల్చలేదు. గుర్రములచేత లాగించి, తమ తమ స్థలములకు చేర్చుకొని, రెండు మూడింటిని కలిపి ఒక పెద్ద ఇల్లుగా చేసికొనిరి. రెండవ ప్రపంచ సంగ్రామములో బాంబులకు ఇండ్లు కూలిన బ్రిటనులో 1944 నాటి చట్టము క్రింద 1,56,623 తాత్కాలిక గృహములు లేచినవి. విమానములు చేసిన కర్మాగారములే అల్యూమినియము ఇండ్లను చేసి, ఒక్కొక్క ఇంటిని నాలుగు ఖండములుగా నాలుగు లారీల మీద పంపుచుండెడివి. పది పదునైదేండ్లు నిలిచిన చాలునని తలచిన ఆ ఇండ్లలో కొన్నింట అర్ధశతాబ్దము దాటిన పిదపకూడ జనులు ప్రీతితో కాపురముండిరి. చుట్టును చిన్న తోట, లోపల స్నానపుగది, తలుపునకు స్వంత తాళము ఉండుటయే ఆ ప్రీతికి హేతువు.

మన దేశముననే జరిగిన ప్రయత్నము ఇంత సుఖాంతము కాలేదు. దేశవిభజన కాలమున లక్షల కొలది శరణార్థులు ఢిల్లీ చేరినప్పుడు, 1948లో కేంద్రప్రభుత్వము జంగ్‌పురా ప్రాంతమున గృహనిర్మాణ కర్మాగారమును తలపెట్టెను. జర్మనీ విడువవలసివచ్చి, మైసూరు సంస్థానమున వాస్తుశిల్పిగా పనిచేసి, అప్పుడు కేంద్రమున గృహనిర్మాణాధికారిగా నున్న ఆటో కోనిగ్స్‌బర్గరు దీనికి సూత్రధారి. తానే శరణార్థి యైనవాడు శరణార్థుల ఇండ్లకై పాటుపడెను. గాలిబుడగలు గల తేలిక కాంక్రీటుతో గోడపలకలు పోతపోసి, వేలకొలది ఇండ్లను త్వరలో నిలుపవలెనని సంకల్పము. కాని పలకలు రవాణాలో బీటలువారినవి; ఖర్చు తలచినదానికి మించెను; పార్లమెంటులో విమర్శలు చెలరేగెను. 1951 నాటికి ఆ ఆశ అడుగంటెను, కోనిగ్స్‌బర్గరు లండనునకు తరలిపోయెను. 1953లో ఆ కర్మాగారము హిందుస్థాన్ హౌసింగ్ ఫ్యాక్టరీ యను పేరున కంపెనీ యయ్యెను. 1978లో హిందుస్థాన్ ప్రీఫాబ్ లిమిటెడ్‌గా మారెను. శరణార్థులకై పుట్టిన యంత్రములు తరువాతి కాలమున రైల్వే స్లీపర్లను, విద్యుత్ స్తంభములను పోయుచుండెను. విదేశపు శీతల వాతావరణమున పుట్టిన పలకను మన ఎండకును, మన గతుకుల బాటలకును పరీక్షింపకయే ఆశలన్నియు దాని మీద నిలుపుటయే ఆ వైఫల్యమునకు మూలమని నాకు తోచుచున్నది.

ఇక మన పాత ఇంటిని చూడుడు. రాయలసీమ మిద్దె యనగా వెనుకబడినతనపు గుర్తని తలచువారు కలరు. కాని అది విడిభాగముల కట్టడమని గ్రహించినవారు అరుదు. కొయ్య స్తంభములు నాటి, వాని మీద దూలములు వేసి, దూలముల మీద దంతెలు పరచి, దంతెల మీద పలకలనో నాపబండలనో కప్పి, ఆ పైన చౌడుమట్టి దట్టించిన మిద్దెలో ఇంటి బరువంతయు కొయ్య చట్రము మోయును. గోడ మూసియుంచు పని మాత్రము చేయును. ఇంటి పరిమాణమును అంకణములలో చెప్పెదరు. ఐదంకణముల ఇల్లు, తొమ్మిదంకణముల ఇల్లు అని చెప్పినంతనే విన్నవానికి గదుల పొందిక, కలప లెక్క, వెచ్చము సైతము తెలియవచ్చును. పెండ్లియైన కొడుకు వేరుపడినచో రెండంకణములు చేర్చెదరు. ఊరు వదలినచో దూలములు, దంతెలు, ద్వారబంధములు విప్పి బండికెత్తుకొని పోయి, క్రొత్త చోట అవే దూలములతో అవే అంకణములు నిలిపెదరు. పాత కలపతో క్రొత్త ఇల్లు కట్టుట మన పల్లెలలో నేటికిని ఎరిగిన విషయమే.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో అంకణము ఆరడుగులకు ఆరడుగులు, అనగా 36 చదరపు అడుగుల నేల. నెల్లూరు వైపున 72. ప్రపంచమంతట శరణార్థి శిబిరములలో పాటించుచున్న స్ఫియర్ ప్రమాణముల ప్రకారము ఒక్కొక్క మనిషికి కనీసము 3.5 చదరపు మీటర్ల కప్పు ఉండవలెను. అది సుమారు 38 చదరపు అడుగులు. మన తాతలు మేస్త్రీ కొలబద్దతో నిర్ణయించికొన్న చిన్న అంకణమును, నేటి సహాయ సంస్థలు నిర్ణయించిన కనీస స్థలమును ఇంత దగ్గరగా నుండుట చూచి నేను ముగ్ధుడనైతిని. ఐదుగురి కుటుంబమునకు ఐదంకణములు: ఇల్లు కోల్పోయిన రేనాటి కుటుంబమునకు ఈ లెక్కను వేరుగా నేర్పవలసిన పని యుండదు.

మన సీమలో విడిభాగముల ఇంటికి రెండు పరీక్షలు కలవు: ఒకటి ఎండ, రెండవది నేల. వేసవిలో ఉష్ణము 45 డిగ్రీల దాపునకు పోవు నంద్యాల ప్రాంతమున ఒంటి రేకు కప్పు క్రింద మధ్యాహ్నము పసిబిడ్డను పండబెట్టుట క్రూరకార్యము. రెండు రేకుల నడుమ థర్మోకోలు గాని, రాతినారతో చేసిన రాక్‌వూల్ గాని పొదిగిన పలకలు ఈ వేడిని కొంత అడ్డగించును. అయినను పగటి వేడిని మందమైన గోడ త్రాగి రాత్రికి విడుచు గుణము తేలిక పలకకు లేదు. చౌడు మిద్దెకు ఆ గుణము కలదు. ఇక నేల మాట. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. తేలిక ఇంటికి పునాది అక్కరలేదని తలచుట పొరపాటు. బరువు తక్కువైన కొలది ఉబ్బు నేల దానిని ఎక్కువగా పైకెత్తును. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకై, అడుగుభాగమును వెడల్పుగా తీర్చిన స్తంభపు పునాదిని రూపొందించిరి. ఎండవానల కదలిక అందని సుమారు మూడున్నర మీటర్ల లోతున అది నిలుదొక్కుకొనును. బోల్టులతో బిగించిన చట్రమునకు ఇచ్చట ఒక మేలు కలదు: ఒక మూల క్రుంగినచో జాకీతో లేపి మరల మట్టము చేయవచ్చును. ఇటుక గోడ బీటలువారినచో ఆ వీలు లేదు.

ఎండకు మందు మన పాదముల క్రిందనే కలదు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల గనులలో తీయు నాపరాయి పొరలు పొరలుగా విడివడును. నునుపుగా, సమమైన మందముతో, కోరిన కొలతకు కోయబడి బయలుదేరును. నేలకు, అరుగునకు, మెట్లకు, కొన్ని చోట్ల గోడలకును కప్పునకును సైతము ఈ బండలనే వాడుట ఈ సీమలో పరిపాటి. గనుల చెంత గుట్టలుగా పడియున్న ముక్కరాయి ఎవరికిని అక్కరకు రాక వ్యర్థమగుచున్నది. అందుకే పైన మూడవ మార్గమును మెచ్చుకొంటిని. ఇనుప చట్రమును ముందే చేయించి యుంచి, వరద వచ్చిననాడు దానిని నిలిపి, మొదటి మాసములకు తేలిక పలకలు బిగించి, నీరు తగ్గి బాటలు తెరచుకొన్న పిదప ఒక్కొక్క పలకనే తీసి నాపబండ గోడను నింపుకొనుచు పోయినచో, నేటి తాత్కాలిక గృహము మెల్లగా అదే చోట శాశ్వత గృహమగును. కుటుంబము రెండుమారులు ఇల్లు మారనక్కరలేదు. ప్రభుత్వము రెండుమారులు వెచ్చింపనక్కరలేదు. ఈ పనికి కూలి దొరకునదియు ఆ ఊరి మేస్త్రీలకే.

జోర్డాను దేశపు ఎడారిలోని రెండు శిబిరముల కథ ఈ విషయమున గొప్ప పాఠము. సిరియా యుద్ధమునుండి పారిపోయి వచ్చినవారికై 2012 జూలైలో తెరచిన జాతారీ శిబిరము ఏడాది తిరుగకముందే లక్షకు మించిన జనముతో నిండెను. మొదట గుడారములు, తరువాత 'క్యారవాను'లని పిలుచు తయారు గదులు వచ్చినవి. అధికారులు వానిని వరుసలు తీర్చి నిలిపిరి. శరణార్థులు ఆ వరుసలను అంగీకరింపలేదు. చక్రముల బండ్లు తయారుచేసికొని, గదులను రాత్రికి రాత్రి ఈడ్చుకొనిపోయి, అన్నదమ్ముల గదులు ఎదురెదురుగా చేర్చి, నడుమ ముంగిలి విడిచి, తమ పల్లెలోని ఇంటి పొందికనే ఇసుకలో తిరిగి తెచ్చుకొనిరి. కొనుట, అమ్ముట, అద్దెకిచ్చుట కూడ సాగెను. బజారువీథి ఒకటి వెలసెను. 2014 ఏప్రిల్‌లో అజ్రాక్ అను మరియొక శిబిరమును తెరచునాడు, ఆ అనుభవమును గందరగోళముగా ఎంచిన అధికారులు ఇనుపరేకు గృహములను కదలింప వీలులేకుండ నేలలో పాతి, దూరదూరముగా వరుసలలో నిలిపిరి. కట్టుదిట్టమున అజ్రాక్ మెరుగే. కాని మనుష్యులు తమదని చెప్పుకొను ఊరుగా త్వరగా ఎదిగినది జాతారీ. విడిభాగముల ఇంటికి గల అసలు బలము త్వరగా లేచుటలో కంటె, కాపురముండువారి చేతులలో మారుటకు లోబడుటలోనే యున్నదని ఈ రెండింటిని పోల్చిన నాకు దృఢముగా తోచుచున్నది. అధికారి నిలిపిన వరుసను గృహిణి మార్పగలిగిననాడే అది ఇల్లు.

స్వీడన్ దేశమున బెటర్ షెల్టర్ అను సంస్థ ఐకియా ఫౌండేషను సహాయముతోను, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ తోడ్పాటుతోను తయారుచేసిన ఇల్లు నేడు మిక్కిలి ప్రసిద్ధము. దాని వైశాల్యము 17.5 చదరపు మీటర్లు: ఐదుగురికి తలా 3.5 చదరపు మీటర్ల లెక్క. ఉక్కు గొట్టముల చట్రము, ప్లాస్టిక్ పలకలు, సౌరదీపము, లోపలినుండి గడియ వేసికొనుటకు వీలగు తలుపు. అంతయు రెండు పెట్టెలలో వచ్చును. నలుగురు మనుష్యులు ప్రత్యేకపు పనిముట్లు లేకయే కొన్ని గంటలలో నిలుపవచ్చును. మూడేండ్లు నిలుచునట్లు దీనిని రూపొందించిరి. గుడారమున నుండు స్త్రీకి గడియ గల తలుపు ఎంతటి ధైర్యమో వేరుగా చెప్పనక్కరలేదు. అయినను 2015 చివర జ్యూరిచ్ నగరాధికారులు అగ్నిపరీక్ష చేయించి, ఈ ఇండ్లు నిప్పునకు తాళవని నిరాకరించిరి. తరువాత సంస్థవారు నమూనాను సవరించిరి. కట్టెల పొయ్యి మీద వంట సాగు మన పల్లెలకు ఈ హెచ్చరిక మరింత ముఖ్యమైనది. పొయ్యికి వేరుగా నాపబండల వంటసాల లేని ఏ నమూనానైనను రేనాటికి తేకూడదు. పశువుల మాటయు అంతే. గొడ్డును విడిచి రైతు శిబిరమునకు రాడు. కొట్టము లేని పునరావాసము సగము పునరావాసమే.

తాత్కాలికమని పేరుపెట్టినది ఎన్నటికిని తాత్కాలికముగా నుండదని మన తెలుగునాటనే సాక్ష్యములు కలవు. 1962 తరువాత బర్మా విడిచి వచ్చిన తెలుగువారు స్థిరపడిన చోటును విశాఖపట్టణమున కంచరపాలెము దాపున నేటికిని బర్మా క్యాంపని పిలుచుచున్నారు. తూర్పు బెంగాలునుండి వచ్చిన కుటుంబములు స్థిరపడిన కాగజ్‌నగర్ ప్రాంతపు పల్లెలలోను మనుమల తరము వచ్చెను. కావున శిబిరమును వారములకని తలచి కాక, తరమునకని తలచి కట్టవలెను. పోలవరము జలాశయమువలన సుమారు లక్ష కుటుంబములు చోటు మారవలసియున్న ఈ కాలమున ఇది గతించిన కథ కానేరదు.

ఇంత చెప్పియు ఒక మాట చెప్పకున్నచో చెప్పినదంతయు వ్యర్థమగును. ఎంత చక్కని చట్రమైనను నిలుచుటకు నేల కావలెను. ఆ నేల మీద కాపురస్థునికి హక్కు కావలెను. శ్రీశైలము ముంపు బాధితులకు కుటుంబమునకొక ఉద్యోగము ఇచ్చుటకై 1986లో వెలువడిన జీవో 98 అమలునకై వారి బిడ్డలు దశాబ్దముల తరబడి కార్యాలయముల మెట్లెక్కుచునే యుండిరి. ఇల్లు కూలినది కొన్ని గంటలలో. దాని ఋణము తీరుటకు ఒక తరము చాలలేదు. కర్మాగారములు ఇండ్లను గంటలలో నిలుపు విద్య నేర్చినవి. పట్టా కాగితమునకు మాత్రము ఆ వేగము రాలేదు. పట్టా లేని స్థలములో ఇనుప చట్రమునకు నాపబండ గోడ ఎవ్వరును కట్టుకొనరు. రేపు ఎవడు లేపునో అను భయముతో రేకుల నడుమనే బ్రతుకు వెళ్ళదీసెదరు. గృహిణి పేరిట పట్టా మొదట, చట్రము తరువాత: ఈ క్రమము తప్పినచో ఎంత ధనము పోసినను ఫలము లేదు.

ఉయ్యాలవాడకు పరోపకారపు పేరు పాతది. పందొమ్మిదవ శతాబ్దపు కరువులో ఆకలిగొని వచ్చిన వేలమందికి అన్నముపెట్టి, విక్టోరియా రాణి స్వర్ణపతకమును పొందిన బుడ్డా వెంగళరెడ్డి ఈ ఊరివాడే. ఆయనను గూర్చిన జానపద గీతములు ఇప్పటికిని రేనాట వినవచ్చును. కరువునాడు గంజి కాచుటకు పాతరలో జొన్నలు ముందే యుండవలసినట్లు, వరదనాడు కప్పు నిలుపుటకు చట్రములు గోదాములో ముందే యుండవలెను. వరద వచ్చిన పిదప టెండర్లు పిలిచినచో చట్రములు చేరునప్పటికి చలికాలము వచ్చును. నంద్యాల, ఆళ్లగడ్డ మార్కెట్ యార్డుల గోదాములలో కొన్ని వందల చట్రములు, వానికి సరిపడు పలకలు, బోల్టులు నిలువచేసి యుంచుట జిల్లా యంత్రాంగమునకు అసాధ్యము కాదు. ప్రతి మండలమునను కొందరు యువకులకు, మేస్త్రీలకు చట్రము నిలుపుటలో ఏటికొకమారు వానకాలమునకు ముందే శిక్షణ నీయవచ్చును. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రాంగణమున పలు విధముల గ్రామీణ గృహముల నమూనాలు నిలిచియున్నవి. వానిని చూచివచ్చి, మన ఎండకు, మన రేగడికి తగినట్లు ఒక అంకణపు నమూనాను ఇచ్చటనే కట్టి, రెండు వేసవులు, రెండు వానకాలములు పరీక్షించి చూడవలెను. ఢిల్లీలో మానిన పని అదియే.

అన్నిటికంటె ముందు జరుగవలసినది మరియొకటి. కుందు తీరపు ప్రతి పంచాయతీయును, వరద గుర్తునకు పైన ఉన్న ప్రభుత్వ భూమి ఎంత, ఎచ్చట, దానికి బాటయు నీరును ఎట్లు చేరును అను జాబితాను తయారుచేసి, ఏ వీథివారు ఏ మెరకకు చేరవలెనో గ్రామసభలో నిర్ణయించి యుంచవలెను. ఇరుగుపొరుగువారు విడిపోకుండ వీథికి వీథిని ఒక్కచోటనే నిలుపునట్లు ఆ నిర్ణయముండవలెను. దీనికి కర్మాగారము అక్కరలేదు, విదేశీ నమూనా అక్కరలేదు. ఒక సర్వేయరును, 2019లో నీరు ఏ గడప దాటెనో ఏ గడప దాటలేదో వ్రేలుపెట్టి చూపగల ఊరి పెద్దలును చాలుదురు.